ఇంట్లో ప్రోగ్ రాక్ ఆల్బమ్ చేస్తున్నారా? ముందు డప్పు, తర్వాతే గిటార్

ప్రోగ్ రాక్ అంటే తాళాలు మారుతూ సాగే పెద్ద పెద్ద రాక్ పాటలు. రాక్ పాట మొత్తం పూర్తి చేసి, చివర్లో దాని మీద ఒక డప్పు లూప్ అతికించి ఫ్యూజన్ అని పేరు పెట్టే పని మాత్రం చేయకండి. మొదటి రెండు పాటలకు నేను చేసింది అదే, విన్నవాళ్లకు పక్క వీధిలోంచి బరాత్ పోతున్నట్టు అనిపించిందట. వరుస తిప్పేయండి. ముందు డప్పు, దాని మీద బేస్, ఆ తర్వాతే గిటార్.

7/8, అంటే ఏడు మాత్రల తాళం, అనగానే టెన్షన్ పడతారు గానీ అది మనకు పాత చుట్టమే, కర్ణాటక సంగీతంలోని మిశ్ర చాపు. తకిట తకధిమి అనుకుంటూ హన్మకొండ చౌరస్తా నుంచి కాజీపేట దాకా బండి మీద పోయి రండి, ఇల్లు చేరేసరికి రిఫ్ (తిరిగి తిరిగి వచ్చే గిటార్ ముక్క) నోట్లో ఉంటుంది. డప్పు కొట్టేవాళ్లను మాత్రం ఏడులోకి రమ్మని సతాయించొద్దు. మాకు దొరికిన దెబ్బ ఆరులో ఊగేది, దాన్ని అట్లాగే వదిలి గిటార్‌ను ఏడులో నడిపాను. ఆరేడులు నలభై రెండు కదా, 42 మాత్రలు అయిపోగానే రెండూ కలిసి మొదటి మాత్ర మీద పడతాయి. సింథ్, డ్రమ్స్ అన్నీ అక్కడ ఒక్కసారిగా తెరవండి, అంతకుముందు దాచుకోండి.

క్లిక్ ట్రాక్ (తాళం కోసం చెవిలో వినిపించే టిక్ టిక్) కూడా వద్దు. నేను పెడితే రెండు నిమిషాలకే హెడ్‌ఫోన్స్ తీసేసి, "ఈ టిక్కు టిక్కుతోని చేతులు కట్టేసినట్టున్నది సారూ" అన్నాడు డప్పు కొట్టినాయన. స్వేచ్ఛగా కొట్టనిచ్చి, తర్వాత రీపర్ అనే రికార్డింగ్ సాఫ్ట్‌వేర్‌లో టెంపో మ్యాప్‌ను, అంటే పాట వేగం గీతల్ని, ఆ దెబ్బకు సరిపెట్టుకోండి. విసుగు పుట్టించే పనే, కానీ పాట ఊపిరి పోదు.

అసలు తలనొప్పి వేడితో. కొట్టే ముందు డప్పును మంట దగ్గర కాపుతారు, తోలు బిగుసుకుని కంగుమంటుంది. చల్లారేకొద్దీ, వానాకాలంలో అయితే మరీ త్వరగా, మెత్తబడి శ్రుతి కిందికి జారుతుంది. మొదటి టేకు పక్కన ఐదో టేకు అతికించి చూస్తే మధ్యలో డప్పే మారిపోయినట్టు ఉంటుంది. అందుకే పన్నెండు నిమిషాల పాటను మూడు ముక్కలు చేసి, ప్రతి ముక్కకు ముందు మళ్లీ కాపించాను. సిర్ర (డప్పు కొట్టే పుల్ల) పడే వైపు జానెడు దూరంలో ఒక మైకు, కొంచెం పక్కకి తిప్పి. డప్పు వెనుక రెండోది పెడితే దాని ఫేజ్ (శబ్ద తరంగం దిశ) తిరగేయండి, లేకపోతే కింది స్వరమంతా మాయమవుతుంది.

గది గోడలకు బొంతలు చాలు. ఎర్తింగ్ బాగోక గిటార్‌లో 50 హెర్ట్జ్ గుయ్ మంటుంటే చార్జర్ పీకేసి ల్యాప్‌టాప్‌ను బ్యాటరీ మీద నడిపి చూడండి. రైలు కూతకు మాత్రం మందు లేదు. ఒకటి సరిగ్గా గిటార్ సోలో ముందు పడింది, తీసేయబుద్ధి కాలేదు.

పాట ఇరవై నిమిషాలైతే ఎవరు వింటారని అడుగుతారు. ఐనవోలు జాతరలో ఒగ్గు కథ ముందు గంటలకొద్దీ కూర్చునే జనం మనవాళ్లు. పాట, వచనం, మళ్లీ పాట, మధ్యమధ్యలో డోళ్ల హోరు, ఆ కథ నడకను గమనించండి, కాన్సెప్ట్ ఆల్బమ్‌కు (పాటలన్నీ కలిసి ఒకే కథ చెప్పేది) అంతకంటే మంచి పాఠం నాకు దొరకలేదు.

కానీ డబ్బు లెక్క వేరే ఉంది. స్పాటిఫైలో 30 సెకన్లు వింటే ఒక ప్లే, ఇరవై నిమిషాలు విన్నా ఒక్కటే. కాబట్టి పెద్ద పాటను నాలుగు ట్రాకులుగా కోసి, ఒకదాన్లోంచి ఇంకోదాన్లోకి ఆగకుండా పోయేట్టు వేవ్ ఫైళ్లే ఎక్కించండి. ఎంపీ3 చేస్తే మొదట్లో చిన్న ఖాళీ చేరి అతుకు తెలిసిపోతుంది. మాస్టర్ (చివరి ఫైలు) శబ్దం మైనస్ 14 లఫ్స్ (శబ్దం గట్టిదనాన్ని కొలిచే కొలత) దగ్గర ఉంటే చాలు, ఇంకా పిండితే డప్పు దెబ్బ చప్పబడుతుంది.

డప్పు కొట్టినాయన డబ్బు రికార్డింగ్ రోజే చేతిలో పెట్టండి, యూట్యూబ్‌లో కూడా వస్తుందని ముందే చెప్పి కాగితం రాసుకోండి. క్రెడిట్స్‌లో పేరు ఎట్లా వేయాలో కూడా ఆయన్నే అడగండి. మా పాటలో కొట్టినాయన తన పేరుకన్నా ముందు ఊరి పేరు వేయమన్నాడు.