ర్యామ్ మీద 3200, టాస్క్ మేనేజర్‌లో 2133: ఎందుకిలా?

కొన్న స్పీడ్ కనిపించడం లేదు

కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ మూడూ కలిపి నొక్కి టాస్క్ మేనేజర్ తెరవండి. పెర్ఫార్మెన్స్‌లో మెమరీ మీద క్లిక్ చేస్తే కింద స్పీడ్ అని ఉంటుంది. స్టిక్కర్ మీద 3200 అని ఉన్న డీడీఆర్4 ర్యామ్‌కి అక్కడ 2133 అనో, 2400 అనో, 2666 అనో కనిపిస్తే షాపువాణ్ని తిట్టుకోకండి. సాధారణంగా తప్పు అతనిది కాదు.

ప్రతి ర్యామ్ స్టిక్‌లో ఒక బుల్లి చిప్ ఉంటుంది. ఏ స్పీడ్‌లో, ఎంత వోల్టేజ్‌తో నడవాలో అందులో రాసి ఉంటుంది. ఇలాంటి స్టిక్‌ల్లో అన్ని బోర్డులూ ఒప్పుకునే నిదానమైన స్పీడ్ ఒకటి, కంపెనీ పరీక్షించి పెట్టిన వేగమైన ప్రొఫైల్ మరొకటి. మనం చెప్పనంత వరకు మదర్‌బోర్డు మొదటిదే ఎంచుకుంటుంది.

సిస్టమ్ రీస్టార్ట్ చేసి, లోగో కనిపించగానే డిలీట్ కీ గానీ ఎఫ్2 గానీ వరసగా నొక్కండి. బయోస్, అంటే విండోస్ కన్నా ముందు వచ్చే మదర్‌బోర్డు సెట్టింగ్స్ స్క్రీన్ వస్తుంది. ఆ వేగమైన ప్రొఫైల్‌ని ఆన్ చేయడానికి ఇంటెల్ బోర్డుల్లో ఎక్స్ఎంపీ, ఏఎండీ వాటిలో డీఓసీపీ లేదా ఎక్స్‌పో అనే ఆప్షన్ ఉంటుంది. కొన్ని ఏఎండీ బోర్డుల్లోనూ ఎక్స్ఎంపీ అనే ఉంటుంది. ప్రొఫైల్ 1 పెట్టి, ఎఫ్10తో సేవ్ చేయండి. డీడీఆర్4 అయితే వోల్టేజ్ 1.2 నుంచి సాధారణంగా 1.35కి దానంతటదే మారుతుంది. పక్కనే కనిపించే టైమింగ్స్ అంకెల జోలికి మొదటిరోజే వెళ్లొద్దు.

సిస్టమ్ వివరాలు చూపే సీపీయూ-జెడ్ ప్రోగ్రామ్‌లో 1600 అని కనిపిస్తే కంగారు పడకండి. డీడీఆర్ ఒక్కో క్లాక్‌కి రెండుసార్లు డేటా పంపుతుంది కాబట్టి అది 3200 కిందే లెక్క.

ఇంత చేసినా 2666 దగ్గరే ఆగిపోతే బోర్డు చూడండి. హెచ్410, బీ460 లాంటి చిప్‌సెట్లున్న బోర్డుల మీద ఇంటెల్ పదో తరం ఐ5 ప్రాసెసర్‌కి హద్దే 2666. దాన్ని సెట్టింగ్‌తో దాటలేరు. చాలా ల్యాప్‌టాప్‌ల బయోస్‌లో అయితే ఈ ఆప్షనే ఉండదు.

సేవ్ చేశాక స్క్రీన్ నల్లగా ఉండిపోయింది

అందరికీ టెన్షన్ పుట్టించేది ఇదే. నాకు మొదటిసారి ఇలా జరిగినప్పుడు ఫ్యాన్లు తిరుగుతున్నాయి, బోర్డు మీద డీర్యామ్ అని రాసి ఉన్న చోట చిన్న లైటు వెలుగుతోంది, మానిటర్‌లో ఏమీ లేదు. అర నిమిషం ఆగలేక పవర్ బటన్ నొక్కేశాను. అలా మూడుసార్లు చేశాను. నిజానికి బోర్డు కొత్త స్పీడ్‌కి తగ్గట్టు మెమరీని సరిచూసుకుంటోంది. దాన్నే మెమరీ ట్రైనింగ్ అంటారు. పని సగంలో ఉండగా నేనే ఆపేస్తూ వచ్చాను. డీడీఆర్4 బోర్డులు రెండు మూడుసార్లు వాటంతటవే ఆగి మొదలవడం మామూలే. డీడీఆర్5లో ఈ పనికి కొన్ని నిమిషాలు కూడా పట్టొచ్చు. లేచి వెళ్లి టీ పెట్టుకోండి, పావుగంట తర్వాత చూడండి.

అప్పటికీ రాకపోతే సీమాస్ క్లియర్ చేయాలి, అంటే బయోస్ సెట్టింగ్స్‌ని మొదటి స్థితికి తేవాలి. ప్లగ్ పీకేసి, పవర్ బటన్‌ను పది సెకన్లు నొక్కి పట్టుకోండి. బోర్డు మీద రూపాయి బిళ్లలా మెరిసే సీఆర్2032 బ్యాటరీ ఉంటుంది. దాని అంచున ఉన్న క్లిప్పును గోటితో పక్కకి నెడితే పైకి లేస్తుంది. ఐదు నిమిషాలు ఆగి మళ్లీ పెట్టేయండి. స్పీడ్ పాతదానికి వచ్చేస్తుంది, తేదీ, టైమ్ మళ్లీ సెట్ చేసుకోవాల్సి రావచ్చు. ఒక్క జాగ్రత్త: విండోస్‌లో డిస్క్‌కి తాళం వేసే బిట్‌లాకర్ ఆన్‌లో ఉంటే బయోస్ మారినప్పుడు రికవరీ కీ అడగొచ్చు. బయోస్‌లోకి వెళ్లకముందే దాన్ని కాగితం మీద రాసి పెట్టుకోండి.

స్టిక్‌లు ఏ స్లాట్లలో ఉన్నాయో కూడా చూడండి. నాలుగు స్లాట్ల బోర్డులో రెండు స్టిక్‌లుంటే, చాలా బోర్డుల్లో ప్రాసెసర్ వైపు నుంచి లెక్కేసి రెండోది, నాలుగోది వాడాలి. మొదటి రెండింట్లోనో, చివరి రెండింట్లోనో పెడితే రెండూ ఒకే ఛానల్‌లో, అంటే ప్రాసెసర్‌కి వెళ్లే ఒకే దారిలో పడతాయి. అప్పుడు పోయే వేగం ముందు 2666కి, 3200కి ఉన్న తేడా చిన్నదే.

ఆన్ అవుతుంది, కానీ అప్పుడప్పుడూ బ్లూ స్క్రీన్

నా లెక్కలో నల్ల స్క్రీన్ కన్నా ఇదే ప్రమాదం. బ్రౌజర్ ట్యాబ్‌లు ఊరికే క్రాష్ అవుతాయి, జిప్ ఫైల్ తెరవబోతే పాడైందంటుంది, గేమ్ మధ్యలో మూసుకుపోతుంది. మనం విండోస్‌ని అనుమానించి మళ్లీ ఇన్‌స్టాల్ చేస్తాం. ఆ ఇన్‌స్టాల్ కూడా అదే తప్పుల మెమరీ మీదుగా వెళ్తుంది, ఫైళ్లు పాడైనా మనకు తెలియదు.

పెన్‌డ్రైవ్‌లో మెమరీని పరీక్షించే మెమ్‌టెస్ట్86 ప్రోగ్రామ్ వేసి, దాన్నుంచి సిస్టమ్ మొదలుపెట్టి, రాత్రంతా నడవనివ్వండి. పొద్దున ఒక్క ఎర్రర్ కనిపించినా ఆ స్పీడ్ పనికిరాదు. ప్రొఫైల్ అలాగే ఉంచి, ఫ్రీక్వెన్సీ ఒక్కటే ఒక మెట్టు దించి మళ్లీ టెస్ట్ పెట్టండి. మామూలు స్పీడ్‌లోనూ ఎర్రర్లు వస్తే స్టిక్‌లను ఒక్కొక్కటిగా పరీక్షించి, చెడ్డదాన్ని వారంటీకి పంపండి.

ఎక్కువగా దొరికిపోయే కారణం జత కలవకపోవడం. నేను 3600 స్టిక్‌ల జత పక్కన పాత 3200 జత కూడా పెట్టి, నాలుగూ 3600లో నడవాలని ఆశపడ్డాను. రెండో గంటకే ఎర్రర్లు వచ్చాయి. 3200కి దించాక రాత్రంతా సున్నా. ఇప్పటికీ అక్కడే ఉంది.