ట్రెంచ్ గోడలోంచి పెంకు లాగొద్దు

జూన్‌లో టాంజానియాలోని పాత ఓడరేవు పట్టణం కిల్వాకి పురావస్తు తవ్వకాల పనికి వెళ్తున్న మన పిల్లల కోసం ఇది రాస్తున్నా. టోపీ, దోమతెర, మలేరియా మాత్రలు ఎలాగూ సర్దుకునే ఉంటారు. వాటి జోలికి పోను.

నిరుడు అదే తీరంలో మేం తవ్వుతున్న ట్రెంచ్‌లో, అంటే నిలువు గోడల గుంటలో, ఒక అబ్బాయికి పక్కగోడలోంచి తొంగిచూస్తున్న లేతాకుపచ్చ చైనా పింగాణీ ముక్క కనబడింది. రెండు వేళ్లతో లాగాడు. దాని వెంటే గోడ జారింది. నడుం దాకా కూరుకుపోయాడు. పైన ముగ్గురం ఉన్నాం గనక చేతులతో తోడి బయటికి తీశాం. ఒక ఘనపు మీటరు ఇసుక సుమారు 1.5 టన్నులు తూగుతుంది. అది ఛాతీ దాకా వచ్చి ఉంటే పిల్లాడికి ఊపిరి అందేది కాదు.

మసికా అనే అక్కడి పెద్ద వానలు మే నెలాఖరుకి తగ్గుతాయి. తడి ఉన్నంతసేపూ ఇసుక గోడలాగే నిలబడుతుంది. పొద్దున్న చూసి గట్టిగానే ఉందనుకుంటాం. మధ్యాహ్నానికి ఆరి పట్టు వదిలేస్తుంది. అప్పుడు ఒక్క పెంకు లాగితే చాలు.

మనిషి దక్కినా, ఏది ముందో ఏది తర్వాతో చెప్పే మట్టి పొరలు దక్కవు. కెన్యాలోని షాంగాలో 1980లలో మార్క్ హోర్టన్ బృందం రాతి మసీదు కింద తవ్వుతూ పోతే, ఒకదాని కింద ఒకటిగా పాత మసీదులు బయటపడ్డాయి. అట్టడుగున 8వ శతాబ్దపు చిన్న కర్ర మసీదు. తూర్పు ఆఫ్రికా తీరంలోని ఈ పాత పట్టణాలని బయటివాళ్లే వచ్చి కట్టారన్న వాదాన్ని కదిల్చింది, చిన్నగా మొదలై అక్కడే పెరిగాయని చూపిన ఆ వరసే. కర్ర పుచ్చిపోయాక గుంజ పాతిన చోట మిగిలేది మట్టి రంగులో చిన్న తేడా. గోడ కూలితే అది మళ్లీ కనబడదు.

అందుకే గోడలో ఏం కనబడినా అక్కడే వదిలెయ్యండి. ఫొటో తియ్యండి, లోతు కొలవండి, పొర నంబరు రాయండి. పైనుంచి తవ్వుకుంటూ ఆ పొర దాకా వస్తే అదే చేతికొస్తుంది. మనదేశం నుంచి ఓడల్లో వెళ్లిన గాజుపూస అయితే మనవాళ్లకి చెయ్యి అసలు ఆగదు. ఆపుకోండి.

తవ్విన మట్టి అంచున పొయ్యొద్దు, దాని బరువుకే గోడ జారుతుంది.
1.2 మీటర్ల లోతు దాటితే మెట్లుగా తవ్వండి, లేదా గోడ జారకుండా చెక్క పలకలు ఆనించి కొట్టండి.
ట్రెంచ్‌లో ఒంటరిగా దిగొద్దు.
అంచున కూర్చోవద్దు.
కాలం లెక్కకట్టడానికి తీసే బొగ్గుముక్క నమూనాని చేత్తో ముట్టొద్దు.
పచ్చగా చిలుమెక్కిన రాగి నాణేన్ని రుద్దొద్దు, సుల్తాను పేరు ఆ చిలుముతోనే ఊడొస్తుంది.
ఊరి పిల్లలు నాణేలు తెస్తే కొనొద్దు. ఇవాళ ఒకటి కొంటే రేపు పది గుంటలు తవ్వుతారు.
ఎముక కనబడితే పని ఆపండి. అది ఆ ఊరివాళ్ల తాతముత్తాతలది కావచ్చు, ముందు పెద్దలకి చెప్పండి.
భోజనం చేసొచ్చాక గోడ చూడకుండా దిగొద్దు. పగులు కనబడితే ఎవరూ దిగొద్దు, పర్యవేక్షకుడు దిగమన్నా సరే.
గోడలోంచి పెంకు లాగొద్దు.
సీజన్ ఆఖరి రోజైనా, సాయంత్రం పడవ వెళ్లిపోతున్నా, లాగొద్దు.