గోదావరి డెల్టాలో కుక్కకు పచ్చిమాంసం: ఖర్చు ఎక్కడ తగ్గుతుంది, ఎక్కడ తగ్గించకూడదు

కుక్కకు పచ్చిమాంసం పెట్టాలనుకునేవారిలో కొందరు కిలో చికెన్ ధరను నెలరోజులకు లెక్క కట్టి, అది తమ వల్ల కాదని మొదటిరోజే మానేస్తారు. మరికొందరు ఎలాగైనా చవకగా గడుపుదామని కొట్టువాడు సంచిలో వేసి ఇచ్చినదంతా తెచ్చి పళ్లెంలో పోస్తారు. మొదటివారు లెక్క సరిగ్గా వేసుకోలేదు, రెండోవారు అసలు లెక్కే వేసుకోలేదు.

లెక్కకు ముందు ఒక హెచ్చరిక అవసరం. పచ్చిమాంసంలో సాల్మొనెల్లా వంటి బ్యాక్టీరియా ఉండవచ్చు. ఫ్రీజర్‌లో పెట్టినంత మాత్రాన అది చావదు. అమెరికన్ పశువైద్య సంఘం 2012లోనే ఈ ఆహారాన్ని ప్రోత్సహించరాదని తీర్మానించింది. ఇంట్లో పసిపిల్లలు, గర్భిణులు, వృద్ధులు ఉన్నవారు మాంసాన్ని ఎముక తీసేసి ఉడికించి పెట్టడమే మేలని నా అభిప్రాయం. ఎదిగే కుక్కపిల్లల విషయంలో పశువైద్యుణ్ణి అడగకుండా ఈ పద్ధతి మొదలుపెట్టవద్దు.

పెద్ద కుక్కకు రోజుకు దాని బరువులో 2 నుంచి 3 శాతం ఆహారం సరిపోతుంది. 20 కిలోల కుక్కకు రెండున్నర శాతం చొప్పున రోజుకు 500 గ్రాములు, నెలకు 15 కిలోలు అవుతుంది. ఇందులో 80 శాతం కండ, 10 శాతం తినదగిన ఎముక, 5 శాతం కార్జం, 5 శాతం మూత్రపిండం లేదా ప్లీహం వంటి ఇతర అవయవాలు ఉండాలన్నది ఈ పద్ధతి పాటించేవారు సాధారణంగా చెప్పే కొలత. దీన్ని కొట్టు భాషలోకి మారిస్తే నెలకు సుమారు రెండున్నర కిలోల కోడికాళ్లు (గోళ్లుండే పాదాలు; వాటి బరువంతా ఎముక కాదు కాబట్టి ఇంత కావాలి), ముప్పావు కిలో కార్జం, ముప్పావు కిలో ఇతర అవయవాలు, 11 కిలోల కండ అవుతాయి. కిలోకు 10 రూపాయలు తక్కువకు దొరికితే కండ దగ్గర నెలకు 110 రూపాయలు మిగులుతాయి, కార్జం దగ్గర మిగిలేది ఏడున్నర రూపాయలే. కాబట్టి బేరమాడవలసింది కండ దగ్గర. ఎముక, కార్జం దగ్గర కొలత తప్పించి ఆదా చేయాలనుకోవడం తెలివితక్కువ పని.

కండ అనగానే బ్రెస్ట్, లెగ్ పీసులే గుర్తుకు రానక్కర్లేదు. కందనకాయ, గుండె కూడా కండరాలే. వాటిని అవయవాల కోటాలో వేసుకుని కార్జం మానేయడం చాలామంది చేసే పొరపాటు. తణుకు, అనపర్తి చుట్టుపక్కల లేయర్ ఫారాలు ఎక్కువ గనుక గుడ్లు పెట్టడం తగ్గిన కోళ్లు బ్రాయిలర్ కంటే చవకగా దొరికే అవకాశం ఉంది. వాటి మాంసం గట్టిగా ఉన్నా కుక్కకు అది లోపం కాదు. అయితే ముదురు కోడి కాలి ఎముక రాయిలా ఉండి పళ్లు విరగ్గొట్టగలదు కాబట్టి ఆ ఎముకలను తీసేసి కండ మాత్రమే పెట్టాలి.

ఎముక కోటాకు కోడికాళ్లను మించిన చవక వస్తువు లేదు. కాలి బరువులో సుమారు 60 శాతం ఎముకే కాబట్టి పైన చెప్పిన కుక్కకు రోజుకు రెండు కాళ్లు చాలు. ఒకప్పుడు ఊరికే ఇచ్చేవారు. ఇప్పుడు కొట్టులో మిగిలినదానికి కూడా గిరాకీ ఉంది, ఎందుకంటే నిషేధం ఉన్నా కోడి వ్యర్థాలు చేపల చెరువులకు తరలుతూనే ఉన్నాయి. పొద్దున్నే వెళ్లి, వ్యర్థాల డ్రమ్ములో పడకముందే కాళ్లు, మెడలు విడిగా తీసిపెట్టమని అడిగి, నాలుగు రూపాయలు ఎక్కువైనా ఇచ్చి తెచ్చుకోవడం మంచిది. పేగులు మాత్రం వద్దు. ఉడికించిన ఎముక పదునుగా చీలి గొంతులోనో పేగులోనో గుచ్చుకుంటుంది కాబట్టి బిర్యానీ ఎముకలు కుక్కకు వేసే అలవాటు కూడా మానుకోవాలి. ఎముక దొరకని రోజుల్లో గుడ్డు పెంకులను పది నిమిషాలు మరిగించి, ఎండబెట్టి, మిక్సీలో మెత్తగా పొడి చేసి, అర కిలో కండకు అర టీస్పూను కలిపితే కాల్షియం లోటు తీరుతుంది.

ఈ 20 కిలోల కుక్కకు కార్జం రోజుకు 25 గ్రాములు మించకూడదు. చవక కదా అని కిలోలకొద్దీ పెడితే విటమిన్ ఏ ఒంట్లో పేరుకుని హాని చేస్తుంది. కోడి కార్జం పచ్చిగా పెట్టినా, మేక, గొర్రె అవయవాలను లోపలిదాకా ఉడికించే పెట్టాలి. వాటి ఊపిరితిత్తుల్లో, కార్జంలో ఉండే నీటి తిత్తుల ద్వారా బద్దెపురుగు కుక్క పేగుల్లోకి చేరుతుంది. అక్కడి నుంచి దాని గుడ్లు మనుషులకు సోకితే మన ఒంట్లోనే తిత్తులు పెరుగుతాయి. పచ్చి ఆహారం అన్నాం కదా అని ఇక్కడ పట్టుదలకు పోవడంలో అర్థం లేదు.

పుస్తెలమ్మైనా పులస తినాలనే నేల మీద కుక్కకు చేప కొనడమేమిటని పెద్దలు నవ్వవచ్చు గానీ, చేపలు కోసేచోట శీలావతి, బొచ్చె తలలు తరచుగా నామమాత్రపు ధరకు వస్తాయి. అయితే ఇవి కార్ప్ జాతి చేపలు. ఈ జాతి పచ్చి చేపల్లో థయామినేజ్ అనే ఎంజైము ఉండవచ్చు, అది విటమిన్ బి1ను నాశనం చేస్తుంది. రోజూ పచ్చిగా తింటే కుక్కకు నరాల జబ్బు రావచ్చు. ఉడికిస్తే ఆ ఎంజైము పోతుంది కాబట్టి తలలను బాగా ఉడికించి, ముళ్లన్నీ ఏరి, మెత్తటి కండను వారానికి రెండు రోజులు కోడి కండకు బదులుగా కలపవచ్చు. ముళ్లు ఏరడానికి అరగంట పడుతుంది; ఆ ఓపిక లేనివారు చేప జోలికి పోకపోవడమే మంచిది.

కొనే రోజును బట్టి కూడా ఖర్చు మారుతుంది. ఆదివారం కందనకాయలు మనుషులకే చాలవు. కార్తీకమాసంలో నీచు మానేసే ఇళ్లు ఎక్కువ కాబట్టి గిరాకీ తగ్గుతుంది, అప్పుడు ఎక్కువగా కొని రోజువారీ పొట్లాలుగా కట్టి ఫ్రీజర్‌లో పెట్టుకోవచ్చు. సంక్రాంతికి సరిపడా సరుకు ముందే దాచుకోవాలి. వేసవిలో కరెంటు పోయే ఊళ్లలో వారానికి మించి నిల్వ చేయవద్దు. ఒకసారి కరిగిన మాంసాన్ని మళ్లీ గడ్డకట్టించి పెట్టకూడదు. మే నెల ఎండలో పళ్లెంలో పోసిన మాంసాన్ని కుక్క పావుగంటలో తినకపోతే తీసేయాలి. 2025 ఫిబ్రవరిలో తణుకు మండలం వేల్పూరు, పెరవలి మండలం కానూరు ప్రాంతాల ఫారాల్లో బర్డ్ ఫ్లూ నిర్ధారణ అయింది. అటువంటి సమయంలో కోడి కండను, కార్జాన్ని పూర్తిగా ఉడికించే పెట్టాలి, కాళ్లకు బదులు పెంకు పొడి వాడాలి.

పశువైద్యుడు చెప్పిన వ్యవధిలో వేసే నులిపురుగుల మందు, మాంసానికి విడిగా ఉంచుకునే కత్తి, డబ్బా కూడా ఈ ఖర్చులో భాగమే.

కొలత సరిగ్గా ఉందో లేదో కుక్క మలమే చెబుతుంది. తెల్లగా, సుద్దలా పొడిపొడిగా ఉంటే ఎముక ఎక్కువైందని అర్థం, అప్పుడు రెండు కాళ్లలో ఒకటి తగ్గించాలి. నల్లగా, జారుగా ఉంటే చాలాసార్లు కార్జం ఎక్కువై ఉంటుంది; తగ్గించినా అలాగే ఉంటే రక్తం పోతోందేమోనని వైద్యుడికి చూపించాలి. నెలాఖరులో డబ్బు తక్కువైతే ఎముకను, కార్జాన్ని అలాగే ఉంచి, కండలో మూడో వంతు తగ్గించి, ఆ స్థానంలో పౌల్ట్రీ దగ్గర తక్కువకు ఇచ్చే పగుళ్ల గుడ్లను గట్టిగా ఉడికించి, ఉప్పూ ఉల్లిపాయా లేని మెత్తటి అన్నంతో కలిపి పెట్టవచ్చు.