ఉప్పు సరస్సులో వలస పక్షుల మేత – 3వ పాఠం: కదలికను బట్టి ఎరను గుర్తించడం

కాళ్ల పొడవును బట్టి ఏ పక్షి ఎంత లోతు నీళ్లలో మేస్తుందో అంచనా వేయడం రెండో పాఠంలో నేర్చుకున్నాం. ఇప్పుడు అంతకంటే కష్టమైన పని, నాకు అన్నిటికంటే ఇష్టమైన పని చేద్దాం. పక్షి నోట్లోకి ఏం పోతోందో మనకు కనిపించదు. ఎంత మంచి బైనాక్యులర్‌తో చూసినా, సెంటీమీటరు పొడవున్న ఎర అంత దూరం నుంచి ఆనదు. కనిపించేదల్లా పక్షి మెడ, ముక్కు, కాళ్లు. వాటి కదలికను బట్టి నీళ్లలో ఏముందో చెప్పగలగాలి.

ఉప్పు సరస్సు దగ్గర ఈ విద్య త్వరగా పట్టుబడుతుంది. మంచినీటి చెరువులో చేపలు, కప్పలు, నత్తలు, పురుగులు, గింజలు, దుంపలు అన్నీ ఉంటాయి కాబట్టి ఊహకు అంతుండదు. బాగా ఉప్పెక్కిన నీటిలో చేపలు బతకలేవు. సముద్రపు నీటిలో లీటరుకు దాదాపు 35 గ్రాముల ఉప్పుంటే, అమెరికాలోని మోనో సరస్సులో దానికి రెట్టింపు కంటే ఎక్కువ ఉంటుంది. ఆ దేశంలోనే ఉన్న గ్రేట్ సాల్ట్ లేక్‌లో ఇంకా ఎక్కువ. అలాంటి నీటిని తట్టుకునే జీవుల రకాలు వేళ్ల మీద లెక్కపెట్టవచ్చు. వాటిని తినే జీవులూ, వాటితో పోటీపడే జీవులూ తక్కువ కాబట్టి ఒక్కో రకం కోట్ల సంఖ్యలో పెరుగుతుంది. రొయ్యల హేచరీల వారికి బాగా తెలిసిన ఆర్టీమియా, అంటే రొయ్యను పోలిన చిట్టి ఉప్పునీటి జీవి, వాటిలో ఒకటి. ఉప్పునీటి ఈగ ఇంకొకటి. దాని లార్వాలు, ప్యూపాలు నీటి అడుగున రాళ్లను పట్టుకుని ఉంటాయి, పెద్ద ఈగలు ఒడ్డు వెంట నల్లటి పట్టీలా మూగుతాయి. తూర్పు ఆఫ్రికా సోడా సరస్సుల్లో స్పైరులినా అనే సూక్ష్మజీవి నీటినే పచ్చగా మార్చేస్తుంది. ఈ మూడూ గుర్తుంచుకుంటే సగం పని అయినట్టే.

ముందు తేలికైన కదలికలు చూద్దాం. ముక్కును నీటిలో అటూ ఇటూ కొడవలిలా ఆడిస్తూ ముందుకు నడిచే పక్షి కంటితో వెతకడం లేదు, తడుముతోంది. పైకి వంగిన ముక్కున్న అవోసెట్ మేసే పద్ధతి ఇదే. ఎర ముక్కుకు తగలగానే పట్టేస్తుంది. కాబట్టి నీళ్లు బురదగా ఉన్నా, వెలుతురు తక్కువగా ఉన్నా దానికి ఇబ్బంది లేదు. పొడవైన ఎర్రటి కాళ్ల స్టిల్ట్ ఎక్కువగా ఒక్కో ఎరనూ చూసి పొడుస్తుంది. రెండూ పక్కపక్కనే నిలబడి మేస్తుంటే కాసేపు చూడండి. ఒకటి చూసి తింటోందనీ, ఇంకొకటి తడిమి తింటోందనీ తెలిసిపోతుంది. పార ముక్కు షవలర్ బాతులు ముక్కును నీటికి ఆనించి గుంపుగా గుండ్రంగా ఈదుతుంటే, ముందున్నది కదిలించిన నీటిని వెనకది వడకడుతోందని అర్థం. బాతుల గురించి ఇంతకంటే ఈ పాఠంలో అక్కర్లేదు.

ఫ్లెమింగో దగ్గర మాత్రం ఆగాలి. తలను తలకిందులుగా నీటిలో ముంచి, నాలుకను పంపులా ఆడిస్తూ నీటిని లోపలికి లాగి బయటికి నెడుతుంది. ముక్కు అంచుల్లో దువ్వెన పళ్లలా ఉండే సన్నటి పొరల మధ్య ఎర చిక్కుకుంటుంది. పెద్ద ఫ్లెమింగో అనే జాతి నాలుక సెకనుకు నాలుగైదు సార్లు ఆడితే, చిన్న ఫ్లెమింగో అనే జాతిది ఇరవై సార్ల దాకా ఆడుతుంది. మనకు నాలుక కనిపించదు గానీ తల ఎక్కడుందో కనిపిస్తుంది. ముక్కు నీటి పైపొరలోనే కదులుతుంటే చిన్న ఫ్లెమింగో స్పైరులినా వంటి సూక్ష్మజీవులను వడకడుతోందని అనుకోవచ్చు. తల అడుగుదాకా దించి, ఉన్నచోటనే కాళ్లతో తొక్కుతూ మెల్లగా చుట్టూ తిరుగుతుంటే పెద్ద ఫ్లెమింగో బురదలోని లార్వాలను, ఆర్టీమియాను పైకి లేపుతోంది. అది వెళ్లిపోయాక నీళ్లు తగ్గితే ఆ చోట గుండ్రటి గుంట కనిపిస్తుంది. ఎరను బట్టి ముక్కు లోపలి అల్లిక మారినందువల్లే ఈ రెండు జాతులూ ఒకే సరస్సులో ఒకదాని మేతకు ఇంకొకటి అడ్డురాకుండా బతకగలుగుతున్నాయి.

ఇక ఫాలరోప్. అరచేతిలో ఇమిడేంత చిన్న పక్షి. నీటిమీద తేలుతూ, ఉన్నచోటనే సుమారు సెకనుకొక చుట్టు చొప్పున తిరుగుతుంది, చుట్టుచుట్టుకూ ముక్కుతో పొడుస్తుంది. మొదటిసారి చూసేవారు పక్షికి ఏదో దెబ్బ తగిలిందనుకుంటారు. అది తిరుగుతూ కాళ్లతో పైపొర నీటిని పక్కలకు నెడుతుంటే, ఆ ఖాళీని నింపడానికి కింది నీరు పైకి ఉబుకుతుంది. తనకు అందని లోతులో ఉన్న ఎరను అలా పైకి రప్పించుకుంటుంది. దాన్ని మింగే తీరు మరీ అద్భుతం. ఎర ఉన్న నీటిబొట్టును సన్నటి ముక్కు కొసన పట్టి ముక్కును కొద్దిగా తెరుస్తుంది. తలతన్యత, అంటే నీటి పైపొర సాగదీసినట్టు బిగువుగా ఉండే గుణం, వల్ల ఆ బొట్టు తనంతట తానే నోటివైపు జారుతుంది. తల పైకెత్తాల్సిన పనే లేదు. అందుకే ఫాలరోప్ ఎన్ని ఎరలు తిన్నదో మింగడాన్ని బట్టి లెక్కించలేం, పొడిచిన దెబ్బలను బట్టే లెక్కించాలి.

ఇక్కడ ఒక జాగ్రత్త. సరస్సు నిండా ఆర్టీమియా ఉన్నంత మాత్రాన ఫాలరోప్‌కు కడుపు నిండుతుందని అనుకోకండి. మోనో సరస్సు దగ్గర ఎర్రమెడ ఫాలరోప్‌లకు ఆర్టీమియా ఒక్కటే పెట్టి చూస్తే అవి బరువు తగ్గిపోయాయి. వాటికి కావాల్సింది ఈగ, దాని లార్వా. నీటి మట్టం తగ్గి ఉప్పు చిక్కబడితే ఈగ లార్వాల ఎదుగుదల మందగిస్తుంది. అవి అంటిపెట్టుకునే రాళ్లు కూడా ఒడ్డున ఎండిపోతాయి. మోనో సరస్సులో కలిసే ఏర్ల నీటిని 1941 నుంచి లాస్ ఏంజెలెస్ నగరానికి మళ్లించినప్పుడు మట్టం పడిపోయి ఉప్పదనం దాదాపు రెట్టింపైంది. నీటి మట్టాన్ని తిరిగి పెంచాలని 1994లో కాలిఫోర్నియా రాష్ట్ర జలమండలి ఆదేశించింది. గ్రేట్ సాల్ట్ లేక్ 2022లో రికార్డు స్థాయిలో తగ్గిపోయింది. సరస్సు నీటి లెక్కలు చూసేవారికి పక్షుల మేత తెలిసి తీరాలని నేను గట్టిగా నమ్ముతాను.

నల్లమెడ గ్రీబ్‌ది మరో పద్ధతి. లోతు నీటిలో మునిగి, కొంతసేపటికి వేరే చోట తేలుతుంది. శరత్కాలంలో లక్షల సంఖ్యలో ఉప్పు సరస్సులకు చేరి, నెలల తరబడి ఆర్టీమియా తిని బరువును రెట్టింపు చేసుకుంటుంది. గ్రేట్ సాల్ట్ లేక్‌లో ఒక్కో పక్షికి రోజుకు దాదాపు 28,000 ఆర్టీమియాలు కావాలని పరిశోధకుల అంచనా. పన్నెండు గంటలు ఆపకుండా మేసినా, మూడు సెకన్లకు రెండు చొప్పున పట్టాలన్నమాట. ఆ కాలంలో దాని జీర్ణావయవాలు పెరుగుతాయి, ఎగిరే కండరాలు కుంచించుకుపోతాయి. అప్పుడు అది ఎగరలేదు. చలికి ఆర్టీమియా చచ్చిపోయాక పస్తులుంటూ, రెక్కలు ఆడిస్తూ, కండరాలను తిరిగి పెంచుకుని బయలుదేరుతుంది. కాబట్టి ఆ రోజుల్లో నీటిమీద రెక్కలు కొట్టుకుంటూ మునగకుండా ఉన్న గ్రీబ్ కనిపిస్తే మేత మానేసిందనీ, ప్రయాణానికి సిద్ధమవుతోందనీ రాసుకోవచ్చు.

కొన్ని కదలికలు మేతలా కనిపిస్తాయి గానీ మేత కావు. తలను విసురుగా అటూ ఇటూ విదిలిస్తే అది ఉప్పు పని. చాలా నీటిపక్షులకు కళ్లపైన ఉప్పు గ్రంథులుంటాయి. అవి రక్తంలోని అదనపు ఉప్పును చిక్కటి ద్రవంగా ముక్కు రంధ్రాల ద్వారా వదులుతాయి, పక్షి దాన్ని విదిలించేస్తుంది. ఆర్టీమియా ఒంట్లోని ద్రవం సరస్సు నీటి కంటే చాలా తక్కువ ఉప్పగా ఉంటుంది. గ్రీబ్ తన మందపాటి నాలుకతో ఎరను అంగిలికి అదిమి పైనున్న ఉప్పునీటిని పిండేసి మింగుతుంది కాబట్టి అది తాగే ఉప్పు తక్కువే. ఏరు వచ్చి కలిసే చోట పక్షులు గుంపు కడితే, మేతకో, మంచినీళ్లు తాగి స్నానం చేయడానికో తేల్చుకోవాలి. పెలికాన్లు కనబడితే మరీ జాగ్రత్త. గ్రేట్ సాల్ట్ లేక్ దీవిలో గూళ్లు పెట్టిన పెలికాన్లు చేపల కోసం పదుల కిలోమీటర్ల దూరంలోని మంచినీటి చిత్తడి నేలలకు వెళ్లి వచ్చేవి. సరస్సులో ఉన్న పక్షి సరస్సులోనే తింటోందని రాసేయకూడదు.

ఈ వారం అభ్యాసం. జాతి పేరు జోలికి పోకుండా ఒక్క పక్షిని పది నిమిషాలు వదలకుండా చూడండి. నోట్‌బుక్‌లో నీరు దాని శరీరంలో ఎక్కడిదాకా ఉందో, ముక్కు పైపొరలో ఉందా అడుగున ఉందా, పొడుస్తోందా, ఆడిస్తోందా, వడకడుతోందా, మునుగుతోందా రాయండి. తర్వాత ఒక్క నిమిషంలో ఎన్ని దెబ్బలు పొడిచిందో లెక్కపెట్టండి. మునిగే పక్షి అయితే ఎన్ని సెకన్లు లోపలుందో, ఎన్ని సెకన్లు పైనుందో విడివిడిగా రాయండి. పక్షులకు దూరంగానే ఉండండి. మీ వల్ల ఒక్కసారి లేచినా వాటి మేత సమయం పోతుంది. పక్షులు వెళ్లిపోయాక అవి మేసిన చోటి నీటిని తెల్లటి గిన్నెలో తీసుకుని ఏముందో చూసి, మీ ఊహ పక్కన రాయండి. నాలుగో పాఠంలో ఈ లెక్కలతోనే పొద్దుటి మేతను, సాయంత్రపు మేతను పోల్చుతాం కాబట్టి చూసిన సమయం కూడా తప్పకుండా వేయండి.