మానిటర్ల సీరియల్ నంబర్లు ఇన్వెంటరీలోకి ఎలా వచ్చాయి

బెంగళూరు వైట్‌ఫీల్డ్‌లోని మా ఆఫీసు కంప్యూటర్లను కాన్ఫిగరేషన్ మేనేజర్‌తో (అనేక కంప్యూటర్లను ఒకేచోటి నుంచి నిర్వహించే మైక్రోసాఫ్ట్ సాఫ్ట్‌వేర్) నిర్వహిస్తున్నాము. ప్రాసెసర్, మెమరీ, డిస్క్ వివరాలు సక్రమంగా వస్తున్నా, ఆడిట్‌కు అవసరమైన మానిటర్ సీరియల్ నంబర్లు మాత్రం వచ్చేవి కావు. ఆ సమాచారం విండోస్ తన పరికరాల వివరాలను అందించే డబ్ల్యూఎంఐ వ్యవస్థలో, డబ్ల్యూఎంఐ మానిటర్ ఐడీ అనే క్లాసులో (ఒక రకం వివరాల సముదాయంలో) ఉంటుంది. కొత్త క్లాసును డిఫాల్ట్ క్లయింట్ సెట్టింగ్స్‌లో మాత్రమే చేర్చగలము కనుక, అక్కడ హార్డ్‌వేర్ ఇన్వెంటరీ (పరికరాల వివరాల సేకరణ) కింద సెట్ క్లాసెస్ తెరిచి, మానిటర్ ఉన్న ఒక కంప్యూటర్‌కు కనెక్టయి ఆ క్లాసును ఎంచుకున్నాను. డిఫాల్ట్‌గా సేకరణ 7 రోజులకొకసారి జరుగుతుంది. అంతవరకు ఆగకుండా క్లయింట్‌లో (నిర్వహణలో ఉన్న కంప్యూటర్‌లో) ముందుగా మెషీన్ పాలసీని (సర్వర్ నుంచి కొత్త సెట్టింగ్స్ తెచ్చే పనిని), అది అందిన తరువాతే హార్డ్‌వేర్ ఇన్వెంటరీ సైకిల్‌ను నడిపాను. ఈ వరుస చాలా ముఖ్యం, లేకుంటే పాత పాలసీ ప్రకారమే సేకరణ జరుగుతుంది. ఇన్వెంటరీ ఏజెంట్ లాగ్‌లో కొత్త క్లాసు పేరు కనిపించింది. సీరియల్ నంబరు అంకెల కోడ్‌ల వరుసగా వస్తుంది కాబట్టి, రిపోర్టు క్వెరీలో వాటిని అక్షరాలుగా మార్చాను.