ఏఆర్‌టీ సెంటర్‌లో మాత్రలు తక్కువ ఇచ్చిన రోజు ఏం చేయాలి

నేను గుంటూరు దగ్గర ఒక ఊళ్లో జాకెట్లు కుడతాను. నాకు హెచ్‌ఐవీ ఉంది. దాన్ని అదుపులో ఉంచే ఏఆర్‌టీ మందులు 2007 నుంచి వాడుతున్నాను, ప్రభుత్వ ఏఆర్‌టీ సెంటర్‌లో ఇస్తారు. రాత్రి తొమ్మిదికి మాత్ర వేసుకున్నాకే మిషన్‌కు మూత పెడతాను. ఇన్నేళ్లలో నాకు గట్టిగా భయమేసింది 2022లోనే. నెలకు సరిపడా డబ్బా ఇచ్చే చోట కాగితంలో చుట్టిన పది మాత్రలు చేతిలో పెట్టి, "స్టాక్ లేదమ్మా, మళ్లీ రండి" అన్నారు. సెంటర్‌కు వెళ్లిరావడమంటే బస్సు చార్జీలు, ఒక రోజు కూలి పోయినట్టే. నెలకు మూడుసార్లంటే నాలాంటి దానికి మోయలేని బరువు. అప్పుడు నేర్చుకున్నవే ఇక్కడ రాస్తున్నాను. హెచ్‌ఐవీ ఉన్నవాళ్లం కలిసి నడుపుకునే మా జిల్లా పాజిటివ్ నెట్‌వర్క్‌కు కొత్తగా వచ్చేవాళ్లకూ ఇవే చెబుతుంటాను.

కౌంటర్ దగ్గర్నుంచి కదలకముందే మాత్రలు లెక్కపెట్టండి. ఇంట్లో ఉన్నవి కలిపితే ఏ తారీఖు దాకా వస్తాయో మీ ఏఆర్‌టీ పుస్తకం వెనక పెన్సిల్‌తో రాసుకోండి. ఆ తారీఖు తెలిస్తే టెన్షన్ సగం తగ్గుతుంది, చేయాల్సిన పని కూడా తేలుతుంది.

మాత్రలు ఎక్కువ రోజులు రావాలని సగం చేసుకోవడం, రోజు విడిచి రోజు వేసుకోవడం మాత్రం చేయకండి. మా వీధిలో ఒక అక్క అలాగే చేసింది, నాకు తెలిసేసరికి రెండు వారాలైంది. తక్కువ మందు వేసుకుంటే వైరస్ పూర్తిగా ఆగదు, పైగా ఆ మందుకు అలవాటుపడే అవకాశం దొరుకుతుంది. ఉన్నన్ని రోజులూ పూర్తి మోతాదు వేసుకోండి. మిగతా రోజుల సంగతి ఈలోపు చూద్దాం.

కౌన్సెలర్‌ను మూడు అడగండి. స్టాక్ ఎప్పుడొస్తుంది? పక్క సెంటర్‌లో ఉందా? అక్కడ తీసుకోవడానికి పుస్తకంలో రాసిస్తారా? వేరే ఊరు వెళ్లినవాళ్లకు అక్కడి ఏఆర్‌టీ సెంటర్‌లో తాత్కాలికంగా మందులిచ్చే పద్ధతి ఎప్పటినుంచో ఉంది. కొరత రోజుల్లోనూ అదే దారి అడగండి. నేను 2022లో ఒకసారి అలాగే తెచ్చుకున్నాను. పుస్తకం, ఆధార్ వెంట ఉంటే పని త్వరగా అవుతుంది.

అది కుదరకపోతే బయట కొనాలి. ఇప్పుడు చాలామంది వాడేది టీఎల్‌డీ. టెనోఫోవిర్, లామివుడిన్, డోలుటెగ్రావిర్ మూడూ కలిసిన ఒక్క మాత్ర అది. షాపులో "ఇలాంటిదే" అని ఇంకేదో ఇస్తే తీసుకోకండి. ఖాళీ డబ్బా తీసుకెళ్లి పేర్లు ఒక్కోటీ సరిచూసుకోండి. మా నెట్‌వర్క్‌లో ఒకరికొకరం ఐదేసి మాత్రలు అప్పిచ్చుకున్నాం, అదీ డబ్బాల మీద పేర్లు సరిపోయాక, కౌన్సెలర్‌కు చెప్పాకే. పిల్లల మందు అయిపోతే పెద్దవాళ్ల మాత్ర విరిచి పెట్టకండి. బరువును బట్టి ఎంత ఇవ్వాలో డాక్టరే చెప్పాలి. హెపటైటిస్ బీ కూడా ఉన్నవాళ్లు ఆ మాట ముందే గట్టిగా చెప్పండి. ఈ మందులు హఠాత్తుగా ఆగితే వాళ్లకు కాలేయం దెబ్బతినే ప్రమాదం ఉంది.

ఇంత చేస్తున్నా కౌంటర్ దగ్గర మనకు నోరు లేవదు. ఉచితంగా ఇస్తున్నారు కదా, ఏమని అడుగుతాం అనిపిస్తుంది. నేనూ చాలా ఏళ్లు అలాగే తలొంచుకుని వచ్చేదాన్ని. ప్రభుత్వం 2004 ఏప్రిల్‌లో ఈ మందులు ఉచితంగా ఇవ్వడం మొదలుపెట్టింది. 2017లో హెచ్‌ఐవీ చట్టం చేసింది, అది 2018 సెప్టెంబర్ 10 నుంచి అమల్లో ఉంది. పరీక్షలు, ఏఆర్‌టీ అందించడం ప్రభుత్వాల పని అని అందులో ఉంది. "సాధ్యమైనంత మేరకు" అన్న ముక్క కూడా చేర్చారు, అది చదివినప్పుడల్లా నాకు మనసు చివుక్కుమంటుంది. ఆ ముక్క ఉన్నా సరే, మనం అడిగేది దానం కాదు.

మందులు ఎక్కువగా ఢిల్లీలోని జాతీయ ఎయిడ్స్ నియంత్రణ సంస్థ (నాకో) ద్వారా టెండర్లలో కొని రాష్ట్రాలకు పంపుతారు. టెండర్ ఆలస్యమైనా, కుదరకపోయినా ఆ దెబ్బ చివరికి మన డబ్బా మీద పడుతుంది. 2022 జులైలో పాజిటివ్ వాళ్లు నాకో ఆఫీసు దగ్గర ధర్నాకు దిగి 42 రోజులు కూర్చున్నారు. దేశం మొత్తం మీద కొరత లేదని ప్రభుత్వం అప్పట్లో చెప్పింది. ఢిల్లీ లెక్కలో ఉన్న మందు మన ఊరి కౌంటర్‌లో లేకపోవచ్చు. అలాంటప్పుడు రాష్ట్ర ఎయిడ్స్ నియంత్రణ సంస్థ స్థానికంగా కొనవచ్చు, వేరే సెంటర్ నుంచి సర్దవచ్చు. అందుకే "స్టాక్ లేదు" అంటే "లోకల్ పర్చేజ్ పెట్టారా?" అని అడగండి. ఆ మాట వింటే మనకు విషయం తెలుసని వాళ్లకు అర్థమవుతుంది.

తర్వాత కాగితం పెట్టాలి. ముందు ఎయిడ్స్ హెల్ప్‌లైన్ 1097కు ఫోన్ చేయండి, డబ్బులు పడవు. సెంటర్ పేరు, తారీఖు, మందు పేరు, ఎన్ని మాత్రలకు ఎన్ని ఇచ్చారో చెప్పండి. అవే వివరాలు తెల్లకాగితం మీద రాసి మెడికల్ ఆఫీసర్‌కు ఇచ్చి, నకలు మీద అందినట్టు సంతకం, ముద్ర వేయించుకోండి. ముద్ర పడితే మాట దాటేయడం కష్టం.

సమాచార హక్కు దరఖాస్తు కూడా పనికొస్తుంది. ఫీజు 10 రూపాయలు, పేదరిక రేఖకు దిగువన ఉన్నట్టు ఆధారం జత చేస్తే అదీ ఉండదు. మీ సెంటర్‌లో ఫలానా నెల ఒకటో తారీఖున టీఎల్‌డీ నిల్వ ఎంత, ఎంత కావాలని పైకి రాసి (ఇండెంట్) పెట్టారు, ఎంత వచ్చింది అని అడగండి. మామూలుగా 30 రోజుల్లో జవాబివ్వాలి, ప్రాణానికి సంబంధించిందైతే 48 గంటల్లో. ఎందుకు అడుగుతున్నారో చెప్పక్కర్లేదు. పేరు బయటపడుతుందని భయముంటే నెట్‌వర్క్ వాళ్లో, నమ్మకమున్న స్నేహితులో వేయవచ్చు. మా ఊళ్లో ఒక టీచర్ గారు నా కోసం వేశారు.

అప్పటికీ కదలకపోతే ఇలాంటి ఫిర్యాదులు విని తేల్చే అధికారి, అంబుడ్స్‌మన్ ఉన్నారు. హెచ్‌ఐవీ చట్టం ప్రకారం ప్రతి రాష్ట్రం నియమించాలి. వైద్యసేవల మీద ఫిర్యాదు చేస్తే 30 రోజుల్లో ఉత్తర్వు ఇవ్వాలి, ప్రాణం మీదికొచ్చిన పరిస్థితైతే వీలైతే 24 గంటల్లో. మీ రాష్ట్రంలో ఎవరున్నారో నెట్‌వర్క్ ఆఫీసులో అడగండి.

ఇంకో రకం కొరత ఉంది. విదేశీ నిధులతో నడిచే చోట్ల డబ్బు ఆగితే ఏకంగా తలుపులే మూతపడతాయి. హైదరాబాద్‌లో 2021లో ట్రాన్స్‌జెండర్ల కోసం మొదలైన మిత్ర్ క్లినిక్ అమెరికా నిధులు నిలిచిపోయాక 2025లో మూతపడింది. మనల్ని మనలా చూసే చోటు పోతే, ఇంకో తలుపు తట్టడానికి ధైర్యం కూడగట్టుకోవాలి. సంస్థల దగ్గర సేవలు తీసుకునేవాళ్లు ఇవాళే మీ ఫైలు నకలు అడిగి తీసుకోండి. వైరల్ లోడ్ (రక్తంలో వైరస్ ఎంత ఉందో), సీడీ4 (రోగనిరోధక కణాలు ఎన్ని ఉన్నాయో) రిపోర్టులు, ఇంతకుముందు వాడిన మందుల పేర్లు అన్నీ.

నావన్నీ మిషన్ సొరుగులో ప్లాస్టిక్ కవర్లో ఉంటాయి, ఫొటోలు ఫోన్లో లాక్ చేసి పెట్టుకున్నాను. వాటి పక్కనే ఏడు మాత్రల చిన్న డబ్బా ఉంటుంది. ఇచ్చిన తారీఖు కంటే నాలుగైదు రోజులు ముందే సెంటర్‌కు వెళ్తూ అవి పోగేశాను. కొత్త డబ్బా రాగానే పాతవి వాడేసి, ఏడు కొత్తవి అందులో వేస్తాను.