సూది వేసేటప్పుడు పసిబిడ్డకి జోల ఎలా పాడాలంటే

పుట్టగానే వేసే బీసీజీ, హెపటైటిస్ బి, తర్వాత 6, 10, 14 వారాల టీకాలు, మధ్యలో మడమ దగ్గర గుచ్చి రక్తం తీయడం... నొప్పి మొత్తం పోదు గానీ పాట వింటుంటే కొంచెం తగ్గుద్ది.

సూది గుచ్చాక మొదలెడితే లాభం లేదండి, నర్సమ్మ దూది తడపకముందే బిడ్డని గుండెకి ఆనించుకుని మెల్లగా పాట అందుకోవాలి, సూది తీశాక కూడా ఆపకూడదు. అమ్మ గొంతైతే బెస్ట్, కడుపులో ఉన్నప్పుడే విన్న గొంతు కదా, శృతి తప్పినా పర్లేదు, పాట రాకపోతే జోజో అని ఒకే తీరుగా సాగదీస్తే చాలు. అమ్మకి ఓపిక లేకపోతే నాన్నో అమ్మమ్మో పాడొచ్చు, కానీ ఒక్కరే, నలుగురూ చేరి చిటికెలు, గిలక్కాయలు మొదలెడితే బిడ్డకి ఇంకా చిరాకు.

చుక్కల మందులు ముందు వేయించేసి, ఇంజెక్షన్ టైంలో పాలు పడుతూ పాడితే ఇంకా మంచిది, టీకా టైంలో పాలివ్వమని డబ్ల్యూహెచ్‌ఓ (ప్రపంచ ఆరోగ్య సంస్థ) 2015లోనే చెప్పింది.

పాటకి బదులు ఫోన్‌లో వాన చప్పుడు పెట్టేవాళ్ళు చెవి పక్కన పెట్టొద్దు, 2 మీటర్ల దూరంలో, 50 డెసిబెల్స్ లోపు ఉండాలి. విజయవాడ బెంజి సర్కిల్ హారన్లు వినపడుతున్నాయని సౌండ్ పెంచకండి, కిటికీ వేయమనండి. ముందే డౌన్‌లోడ్ చేసుకోండి, మధ్యలో యాడ్ మోగిందంటే అంతే సంగతులు!

నెలలు నిండకుండా పుట్టి ఎన్‌ఐసీయూలో (పసిబిడ్డల ఐసీయూలో) ఉంటే మాత్రం డాక్టర్‌ని అడిగాకే. బిడ్డ మొహం తిప్పేసుకున్నా, వేళ్ళు విరబోసినట్టు చాపినా పాట ఆపేసి ఊరికే ఎత్తుకోండి.